కూర చెబితేనే కబురు అందినట్టు

ఖుద్దూస్ మాస్టారు ఇక లేరన్న వార్త నాకు మూడు నోళ్ళు మారి అందింది. మాస్టారి పక్కింటాయన మా కాలేజీ వాచ్‌మన్‌కి చెప్పాడట. వాచ్‌మన్ ఆఫీసు సూపరింటెండెంటుగారికి చెప్పాడట. ఆయన కాలేజీ బస్సు దిగుతున్న నాకు చెప్పారు. గురువుగారి మరణవార్త విన్న శిష్యుడు నిశ్చేష్టుడు కావాలి; అంత చేతకాకపోతే చేతిలోని టిఫిన్ క్యారేజీ అయినా జారవిడవాలి. నేను ఆ రెండూ చెయ్యకుండా, "మీకెవరు చెప్పారండీ?" అని అడిగాను. వాచ్‌మన్ చెప్పాడన్నారు. "వాచ్‌మన్‌కి ఎవరు చెప్పారండీ?" అన్నాను. నా గుండె బండరాయని ఆయన అప్పటికప్పుడు తీర్మానించుకున్నట్టు ఆయన చూపే చెప్పింది. మధ్యవాళ్ళ మాట నమ్మవద్దని ఏడేళ్ళపాటు నాకు నూరిపోసింది ఆ పోయిన మనిషేనని ఆయనకేం తెలుసు?

స్టాఫ్ రూములోకి వెళ్ళి పటమటలోని మాస్టారింటికి ఫోను చేశాను. ఆయన కూతురు రజియా తీసింది. "హలో" అంది. ఇలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని మాకు నేర్పింది మాస్టారే. అడిగితే నిజం తేలిపోతుంది. తేలడం నాకిష్టం లేదు. ఫోను పెట్టేశాను. దాన్ని దుఃఖమని చెప్పుకుంటే గౌరవంగా ఉండేది. కానీ అది భయం. ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడూ అదే భయం.

మాస్టారి గురించి రాయబోయే పెద్దలు ఆయన్ని ధీరుడంటారు, నిర్భయుడంటారు. దయచేసి నమ్మకండి. నేనెరిగినవాళ్ళలో అంత భయస్థుడు మరొకరు లేరు. వన్‌టౌన్‌లో గొడుగులు బాగుచేసే ఇంట పుట్టారు. వాన మీద బతికిన ఇంట్లో పుట్టి జీవితమంతా వానకి భయపడ్డారు. ప్రభుత్వోద్యోగంలో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేస్తూనే ఇంజనీరింగు పరీక్షలు పూర్తిచేసి, ఊరి చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు మొలుస్తున్న రోజుల్లో ఆ ఉద్యోగం వదిలి మా కాలేజీలో అధ్యాపకులయ్యారు. సన్నటి మనిషి, జేబులో ఒక పెన్ను, ఒక టెస్టరు, చంకలో పొడుగాటి నోటుపుస్తకం. పాఠం మొదటిరోజే, "నిస్తంత్రీ శాస్త్రంలో నిశ్చింత అనే అధ్యాయం లేదయ్యా. గాలిలో మాట్లాడేవాడు సంతలో మాట్లాడినట్టే. ఎవడైనా వింటాడు, ఎవడైనా నీ గొంతుతో పలుకుతాడు" అన్నారు. నేను అప్పటికి ఎం.టెక్. విద్యార్థిని, గొంతే సరిగా లేనివాణ్ణి కనుక నా గొంతుతో ఎవడో పలుకుతాడని పెద్దగా బెంగపడలేదు.

ఆయనతో బస్సెక్కడం ఒక అనుభవం. అవనిగడ్డ బస్సు మీద బోర్డు చూసి నమ్మేవారు కాదు. కండక్టరుని అడిగేవారు, డ్రైవరుని అడిగేవారు, చివరి సీట్లో కునికిపాట్లు పడుతున్న ఆసామిని లేపి అడిగేవారు. ముగ్గురూ ఒకే సంగతిని మూడు రకాలుగా చెబితే నిబ్బరంగా కూర్చునేవారు. ముగ్గురూ తడుముకోకుండా ఒకే మాట చెబితేనే అనుమానం. నావైపు వంగి, "కూడబలుక్కున్నారేమోనయ్యా" అని గుసగుసలాడేవారు. నేను నవ్వేవాణ్ణి. మా శాస్త్రంలో ఇద్దరు దొంగలు కూడబలుక్కుని లేని దగ్గరదారిని ఉన్నట్టు చూపించే మోసం ఒకటుందని, దాని మీద దేశదేశాల్లో పండితులు తలలు బాదుకుంటున్నారని తెలిశాక నవ్వడం మానేశాను.

నా ప్రాజెక్టు గాలిలో కబుర్లు వెళ్ళే మార్గాల భద్రత మీద. దానికి మార్గదర్శకులు మాస్టారు. ఊళ్ళో సెల్‌ఫోనుకి టవరే దిక్కు. నాగాయలంక దాటి మడ అడవులూ, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగా దాటాక టవరెక్కడిది? అందుకని మాస్టారు ఒక్కో చేపల పడవలో ఒక్కో పెట్టె పెట్టించారు. ఆ పెట్టె తన మాట తాను చెప్పుకోవడమే కాక పక్క పడవ మాటను మోసుకెళ్ళి ఆపై పడవకి అందిస్తుంది. పడవలు కదులుతూ ఉంటాయి కనుక దారి క్షణక్షణం మారిపోతుంది. కబురు పంపే ముందు ప్రతిసారీ పెట్టె గాలిలోకి ఒక కేక వేస్తుంది: ఫలానా పడవకి దారి ఎవరికి తెలుసు? ఎవరు ముందుగా 'నాకు తెలుసు' అంటే కబురు వాళ్ళ చేతిలో పెడుతుంది. ఇరుగుపొరుగు మీద ఇంత నమ్మకం మన వీధుల్లో కూడా లేదు.

తెలుసన్నవాడికి నిజంగా తెలియకపోతే? కబురు వాడి దగ్గరికి వెళ్ళి అక్కడే అంతరించిపోతుంది. పంపినవాడు అందిందనుకుంటాడు, అందాల్సినవాడికి అసలు ఒక కబురుందనే తెలియదు. పుస్తకాల్లో దీన్ని కృష్ణబిలం అన్నారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మన కృష్ణలో అదెక్కడుందా అని ఆలోచించానని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మాస్టారు మాత్రం సుడిగుండం అనేవారు. "పైకి నీళ్ళు నున్నగా కనపడతయ్యయ్యా. దిగినవాడికే తెలుస్తుంది."

ఆ భయం ఆయనకి పుస్తకాల్లోంచి రాలేదు. ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఒక్కసారే చెప్పారు, నాగాయలంక నుంచి తిరిగి వస్తూ బస్సు టైరు మారుస్తుంటే, రోడ్డు పక్కన నిలబడి.

తొంభైల తొలినాళ్ళలో ఒక తుఫాను. ఆయన అప్పుడు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నారు. సముద్రానికి ఆనుకున్న ఒక పల్లెవాళ్ళని వెంటనే కదలమని చెప్పాలి. నేరుగా అందదు. మధ్యలో ఒక ఊళ్ళో ఇంకో సెట్టు, దాని ముందు ఇంకో ఆపరేటరు. కబురు అతనికిచ్చారు. కాసేపాగి అడిగారు, మళ్ళీ అడిగారు. రెండోసారి అటునుంచి "చెప్పేశానండీ" అని జవాబు. ఈయన పుస్తకంలో రాసుకుని మరో ఊరి పని చూశారు. జరిగిందేమంటే, ఆ ఆపరేటరు ఒక మనిషిని సైకిలు మీద పంపాడు. మనిషి బయల్దేరాడు గదా, చెప్పినట్టే గదా అనుకున్నాడు. పైగా పైవాళ్ళు రెండుసార్లు అడిగాక 'ఇంకా లేదండీ' అనడానికి మొహమాటం. సైకిలు నీళ్ళు దాటలేక సగం దారిలో ఆగిపోయింది.

"మూడోరోజు ఆ ఊరెళ్ళానయ్యా," అన్నారు మాస్టారు. "ఒకింటి గోడ పడిపోయి ఉంది. గోడ కింద ఒక దాక చిక్కుకుని ఉంది. మూత బిగుసుకుపోయింది, తీశాను. వంకాయ ముక్కలు. ఇంకా ఉడకలేదు. కబురందినవాళ్ళు కూర పొయ్యి మీద పెడతారా?"

ఆ ఇంటివాళ్ళేమయ్యారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. టైరు బిగించారు, బస్సు కదిలింది. కొంతదూరం పోయాక, "అతను చెడ్డవాడు కాదయ్యా. అదే నా భయం. శత్రువుకైతే తాళం వెయ్యొచ్చు. మన జిల్లా మొహమాటానికి ఏ తాళం వేస్తావు?" అన్నారు.

ఆ తాళాన్ని ఆయనే కనిపెట్టారు. పడవలు బయల్దేరే ముందు నాగాయలంక రేవులో నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఒక్కొక్కరినీ, "ఇవాళ ఏం కూర?" అని అడిగి రాసుకునేవారు. పగలు ఏ కబురు పంపినా జవాబులో ఆ కూర పేరు ఉండితీరాలి. మధ్యలో ఉన్న పెట్టెలకి దారి తెలుసు, మాట తెలుసు, కూర మాత్రం తెలియదు. అది ఆ పడవకీ మాస్టారికీ మధ్య రహస్యం. కూర రాని జవాబు జవాబే కాదు. పెద్ద పెద్ద గణితంతో చేసే పనిని ఆయన క్యారేజీ మూత తెరిచి చేశారు. తర్వాత గణితమూ చేశామనుకోండి. అందులో నా వాటా కూడికల వరకే.

జాలర్లకి మొదట్లో ఇది వినోదం. సాంబయ్య అనే ఆయన, రేవులో అందరికంటే పెద్దవాడు, "మాస్టారు రోజూ అడగటమేగానీ ఓ ముద్ద తిన్న పాపాన పోలేదు" అని అందరిముందూ ఎత్తిపొడిచేవాడు. పచ్చడి మెతుకులు కట్టుకొచ్చి రొయ్యల ఇగురని కోతలు కోసేవాళ్ళూ ఉండేవారు. మాస్టారికి దాంతో పేచీ లేదు. "అబద్ధమైనా ఫరవాలేదు నాయనా, సాయంత్రందాకా అదే అబద్ధం మీద ఉండు" అనేవారు.

ఇక నా సంగతి. ఇది మాస్టారికి, తర్వాత నేనే చెప్పగా సాంబయ్యకి తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు మీకు.

మా పని చూడటానికి బయటినుంచి పెద్దలు వస్తున్నారన్నారు. ఏటిమొగ వైపు కరకట్ట చివర ఒక స్తంభం మీద ఉండే పెట్టె నా బాధ్యత. రేవు నుంచి సముద్రానికి పోయే కబుర్లకి అదే మొదటి మజిలీ. మా పెట్టెలు దారి వెతకడానికి తీరిగ్గా ఆలోచించేవి. పెద్దలు వాచీలు చూసుకుంటారేమోనని నాకు నామోషీ అనిపించింది. ముందురోజు నా పెట్టె ప్రోగ్రాములో రెండు వాక్యాలు చేర్చాను. ఎవరు ఏ పడవకి దారి అడిగినా అది క్షణం ఆగకుండా 'నాకు తెలుసు' అంటుంది, కబురు రాగానే రేవులో పచ్చలైటు వెలిగిస్తుంది. పెద్దలు ముచ్చటపడ్డారు. ఒకాయన నా వీపు తట్టారు. ఆ రెండు వాక్యాలూ తర్వాత తీసేద్దామనుకున్నాను. 'తర్వాత' అనే మాటంత విశాలమైన మాట మన భాషలో మరొకటి లేదు.

పెద్దలొచ్చి వెళ్ళాక రెండు రోజులు సముద్రానికి కబురు పంపే అవసరమే రాలేదు. మూడోరోజు మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఏటిలో ఉన్న పడవలు తమంతట తామే రేవుకి వచ్చేశాయి. సాంబయ్య పడవ మాత్రం మొగ దాటి సముద్రంలో ఉంది. అందులో ముగ్గురు: సాంబయ్య, తమ్ముడు, అల్లుడు. మాస్టారు రేవులోని మా షెడ్డులోంచి వెనక్కి రమ్మని కబురు పంపారు. వెంటనే పచ్చలైటు వెలిగింది. రేవులో ఉన్నవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. "అందింది సార్," అన్నాను నేను.

మాస్టారు నోటుపుస్తకం తెరిచారు. సాంబయ్య పేరు పక్కన ఉన్నది చదివి ఒక క్షణం కళ్ళు మూసుకున్నారు. వంకాయ, ఎండుమెత్తళ్ళు.

"కూరేదయ్యా?"

"లైటు వెలిగింది గదండీ."

"లైటు అన్నం తింటుందా? కూరేది?"

అప్పుడు నాకు నా రెండు వాక్యాలూ గుర్తొచ్చాయి. గుర్తొచ్చిన వెంటనే చెప్పానని రాయాలని ఎంతో ఉంది. చెప్పలేదు. కబురు నిజంగానే వెళ్ళి ఉంటుందేమో, ఇంకాసేపట్లో కూర వస్తుందేమో, చెబితే నా డిగ్రీ ఏమవుతుందో అనుకుంటూ నిలబడ్డాను. గడియారం లెక్కన అది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపూ నేను ఆ మధ్య ఊరి ఆపరేటరుని. ముగ్గురు మనుషులు నా మొహమాటం అవతలి ఒడ్డున ఉన్నారు.

చెప్పాను. మాస్టారు తిట్టలేదు. ఆయన ముఖంలో రక్తం లేదు. బల్ల అంచు పట్టుకుని, "పీకెయ్" అన్నారు, అంతే. కరకట్ట మీద పరిగెత్తాను. బురదలో ఒక చెప్పు పోయింది. స్తంభమెక్కి బ్యాటరీ తీగలు పీకేసి మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చాను. రేవులో పెట్టె మరోసారి కేకేసింది. ఈసారి అబద్ధం చెప్పడానికి ఎవరూ లేరు. మొగ దగ్గర కట్టేసి ఉన్న ఒక పడవలోని పెట్టె కబురు అందుకుంది. ఆపైన మాకు తెలియదు. గాలి షెడ్డు రేకులు లేపుతోంది. మాస్టారి పెదవులు కదులుతున్నాయి, దువా చేస్తున్నారని అర్థమైంది. నేను ఏ దేవుణ్ణి పిలిచానో నాకే గుర్తులేదు. దారి తెలుసని ఎవరు ముందు పలికితే వారినే.

చివరికి పెట్టె తెర మీద అక్షరాలు కదిలాయి. మీటలు నొక్కేది సాంబయ్య అల్లుడు. "వంకాయ మెత్తళ్ళు. అయిపోయినయ్. వత్తన్నాం."

చీకటి పడేలోగా పడవ రేవుకి చేరింది. వాన మొదలైంది. సాంబయ్య ఒడ్డున కాలు పెట్టీ పెట్టకముందే మాస్టారు ఎదురెళ్ళి, "ఏం కూర సాంబయ్యా?" అన్నారు. సాంబయ్య తువ్వాలు పిండుకుంటూ, "కళ్ళెదుట నిలబడ్డా నమ్మరేంటండీ బాబూ" అన్నాడు. మాస్టారు నవ్వారు. నవ్వుతూనే తడి వలల మీద కూలబడిపోయారు. లేవడానికి నా భుజం పట్టుకున్నారు. ఆ చేతి బరువు నా భుజం మీదనుంచి ఇంకా దిగలేదు.

మర్నాటి ఉదయం కాలేజీలో నా బల్ల దగ్గరికి వచ్చి నోటుపుస్తకం తెరిచి, "ఏం కూరయ్యా?" అన్నారు. చెప్పాను. రాసుకున్నారు. ఆ మర్నాడూ అంతే. నేను డిగ్రీ పుచ్చుకుని అదే కాలేజీలో లెక్చరరునయ్యాక కూడా, అయిదేళ్ళపాటు, ఒక్కరోజు తప్పకుండా. సెలవు పెడితే ఇంటికి ఫోను చేసేవారు. అది వాత్సల్యమని తోటివాళ్ళు అసూయపడ్డారు. "మీ మాస్టారుగారికి మనింటి పొయ్యి మీద అంత దృష్టేమిటండీ" అని మా ఆవిడ నవ్వేది. నేను నవ్వలేదు. రేవులో ఆరోజు మోసం చేసిన పెట్టెని ఆయన ఇంకా పరీక్షిస్తూనే ఉన్నారని నాకు తెలుసు, లేక తెలుసనుకున్నాను. బీరకాయో దోసకాయో సందేహమొస్తే ఇంటికి ఫోను చేసి ఖాయం చేసుకుని మరీ చెప్పేవాణ్ణి. వంకాయ మాత్రం మా ఇంట్లో వండనివ్వలేదు. ఆ మాట ఆయన ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. 'మీరింకా నన్ను నమ్మలేదా మాస్టారూ?' అని అడిగే ధైర్యం అంతకన్నా లేదు.

ఆయన పోవడానికి ముందురోజు కూడా అడిగారు. "బీరకాయండీ" అన్నాను. రాసుకున్నారు. మా మధ్య జరిగిన ఆఖరి సంభాషణ అది. మర్నాడు తెల్లవారుజాము నమాజుకి ఆయన లేవలేదు.

ఆటోలో పటమట చేరేసరికి ఇంటిముందు షామియానా వేసి ఉంది. అంతకంటే రుజువు ఏం కావాలి? అయినా నాలో ఏదో ఇంకా, షామియానా కూడా మధ్యవాళ్ళ మాటే గదా అంటోంది. జనాజా వెంట నడిచాను. మట్టి వేశాను. తిరిగి వచ్చాక కుర్చీల్లో సాంబయ్య కనిపించాడు. తెల్లవారగానే కబురందితే మొదటి బస్సుకే వచ్చాడట. ఆయన పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పాను: అయిదేళ్ళు అడుగుతూనే ఉన్నారు సాంబయ్యా, చివరిదాకా నన్ను నమ్మకుండానే పోయారు.

సాంబయ్య నావైపు వింతగా చూశాడు. "అదేంటండీ. దారిలో వోణ్ణి ఆయన కూర అడగటం మీరెప్పుడన్నా చూశారా?"

సాంబయ్య కుర్చీ నావైపు జరుపుకున్నాడు.

"కబురెవరికో వోణ్ణేగదండీ అడిగేది. మధ్యలో వోడు ఏం తింటే ఆయనకెందుకు?"

ఇంజనీరింగు చదివింది నేను. పడవ నడిపింది ఆయన. ఆ స్తంభం మీది పెట్టెను మాస్టారు ఎన్నడూ కూర అడగలేదు. కబురు మోసే ఏ పడవనీ అడగలేదు. ఎవరికి అందాలో వారినే అడిగారు. అంటే అయిదేళ్ళుగా ప్రతి ఉదయమూ ఆయన నాకేదో పంపుతున్నారు. అందిందో లేదో చూసుకుంటున్నారు. ఏం పంపారో కూడా అక్కడే, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది. తన భయాన్ని. ఇన్నాళ్ళూ అది నా శిక్ష అనుకుని మోశాను. అది నా వంతు ఆస్తి.

వెళ్ళొస్తానని చెప్పడానికి లోపలికెళ్ళాను. రజియా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "పొద్దున ఫోను చేసింది మీరేగా అన్నయ్యా?" అంది. అవునన్నాను. "అడగకుండా పెట్టేశారే. నాన్నగారైతే అడిగేవారు."

అడిగాను. "ఏం కూరమ్మా?"

"పొయ్యి వెలిగించలేదు అన్నయ్యా."

వార్త నాకు అప్పుడు అందింది.

తర్వాత ఆ అమ్మాయి లోపలికెళ్ళి పొడుగాటి నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆయన లోటు పూడ్చలేనిదని రాయడం ఇలాంటి వ్యాసాల్లో మర్యాద. నేను మర్యాదకి రాయడం లేదు, నిజంగానే భయమేస్తోంది. ఆయన మా అందరి తరఫునా భయపడుతున్నంతకాలం మేమంతా ధైర్యంగా బతికాం. ఇది తుఫానుల కాలం. రేవులో పెట్టెలు అప్పటికంటే ఎక్కువయ్యాయి, వాటిని నమ్ముకుని మొగ దాటే మనుషులూ ఎక్కువయ్యారు. ఇప్పుడు షెడ్డులో బల్ల ముందు కూర్చునేది నేను. పచ్చలైటు వెలిగినప్పుడల్లా గుండె ఆగుతుంది. పుస్తకంలో మాస్టారి చేతిరాత ఆగిన చోట, 'బీరకాయ' అన్న మాట కింద, నేను జాలర్ల కూరలు రాయడం మొదలుపెట్టాను. అందరినీ నేను అడుగుతున్నాను. నన్ను అడిగేవారు లేరు.

నిన్న బజారు నుంచి మా ఆవిడ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఇంకా వద్దంటారా అన్నట్టు నా ముఖం చూసింది. వద్దనలేదు.

అందింది మాస్టారూ. ఇవాళ మా ఇంట్లో వంకాయ.